ఇల్లుబండిలో నడిచే ఫ్రిజ్

నవ్వనని మాటిస్తేనే చెప్తాను. ఇచ్చారా? మీ మాట మీద నాకు నమ్మకం లేదు గానీ, చెప్పకపోతే నాకే తోచదు కాబట్టి వినండి.

మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో ఒక ఇల్లుబండి ఉండేది, చూశారుగా. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే బుల్లి ఇల్లు. లోపల మంచం, బల్ల, బట్టల బీరువా, పొయ్యి, ఓవెన్, ఫ్రిజ్ అన్నీ గోడల్లోనే అమర్చి ఉంటాయి. అది నా చేతికెలా వచ్చిందంటే, నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకి ఒక ముసలాయన వచ్చాడు. పరీక్ష చేస్తే పై వరసలో ఉన్న అన్నిటికన్నా పెద్ద అక్షరం కూడా ఆయనకి ఆనలేదు. 'ఇంక బండి నడపకండి తాతగారూ' అన్నాను. ఆయన 'అయితే నా ఇల్లుబండి నువ్వు తీసుకో నాయనా. దానికి ఊళ్ళు తిరగడం అలవాటు' అన్నాడు. కాదనలేక తీసుకున్నాను.

మా ఆవిడ మాత్రం ఈ కథ ఇంకోలా చెప్తుంది. "ఆయన కళ్ళు కనబడక వదిలించుకున్నాడు. ఈయన కళ్ళుండీ తగిలించుకున్నారు" అంటుంది.

మా ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో టీచరు. ఈ ఊళ్ళో స్టీరింగ్ పట్టినవాళ్ళలో సగం మంది ఆవిడ చేత చివాట్లు తిని రోడ్డెక్కినవాళ్ళే. ట్రాఫిక్ పోలీసు కూడా ఆవిడ కారు కనిపిస్తే ముందు తన చొక్కా గుండీలు సరిచూసుకుంటాడు. ముసలాయన ఇంటి నుంచి ఇల్లుబండిని మా ఇంటిదాకా లాక్కొచ్చింది ఆవిడే. నేను పక్క సీట్లో కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకున్నాను. అదే నా సాయం.

ఇంటి ముందు ఆపి, ఇల్లుబండి తలుపు తీసి, మా ఆవిడ వెనక్కి తిరిగింది.

"ఏమండీ, ఎవరో ఎదురొచ్చారు, చూడండి."

చూద్దును కదా, ఫ్రిజ్ తన గూట్లోంచి దిగి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. దాని గూటి పైన ఓవెన్ సగం బయటికొచ్చి తొంగి చూస్తోంది. పొయ్యి ఓ పక్కకి ఒరిగిపోయి, ఇంక నావల్ల కాదన్నట్టు పడి ఉంది.

"ముసలాయనకి చూపు పోయింది సరే, వీటికి కాళ్ళెలా వచ్చాయి?" అంది.

"స్క్రూలు వదులయ్యాయంతే. నాలుగు తిప్పులు తిప్పితే సరి. ఆదివారం పని."

"ఏ ఆదివారం?"

"ఇంకే ఆదివారం? వచ్చేదే."

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. ఈలోగా ముప్పై నాలుగు ఆదివారాలు వచ్చాయి, పోయాయి. పోయినవాటి సంగతే మీకు చెప్పబోతున్నది.

ప్రతి ఆదివారం భోంచేసి, స్క్రూల డబ్బా చంకన పెట్టుకుని ఇల్లుబండిలోకి వెళ్ళేవాణ్ణి. వెళ్ళగానే పని మొదలుపెడతామా ఎక్కడైనా? ముందు ఆలోచించాలి. ఆలోచించడానికి కూర్చోవాలి. కూర్చోవడానికి అక్కడున్నది మంచం ఒక్కటే. మంచం మీద ఎంతసేపని కూర్చుంటాం చెప్పండి.

ఆ బండికి ముందొకటి, పక్కనొకటి కిటికీలు కాక, కప్పులో కూడా ఒక చిన్న కిటికీ ఉంది. దానికి మసక అద్దం. మధ్యాహ్నపు ఎండ అందులోంచి దిగి ఎదుటి గోడ మీద పలకంత పడేది. ఆ పలక మెల్లగా, చాలా మెల్లగా, ఫ్రిజ్ మీదికి పాకేది. దాన్ని చూస్తూ ఉంటే రెప్పలు బరువెక్కేవి. అప్పుడు ఇల్లుబండి చప్పుడు లేకుండా నేల వదిలేది. చక్రాల మోత లేదు, హారన్లు లేవు. గోడలు దాటి, వీధి దాటి, ఎవరూ లేని ఒక సరస్సు ఒడ్డున పువ్వు రాలినంత మెత్తగా ఆగేది. నీళ్ళు ఒకరోజు నీలం, ఒకరోజు లేత ఆకుపచ్చ, నా ఇష్టం. ఫ్రిజ్ తనే మెట్లు దిగి ఒడ్డుకి వెళ్ళి, తలుపు తెరుచుకుని చల్లగాలి పీల్చుకునేది. నేను మంచం మీంచి లేవకుండానే కిటికీలోంచి కొండల్ని లెక్కపెట్టేవాణ్ణి. ఎన్నడూ లెక్క తేలలేదు, తేలాలని కూడా నాకు లేదు.

సాయంత్రం కళ్ళు నులుముకుంటూ బయటికి వచ్చేసరికి మా ఆవిడ బట్టలు మడతపెడుతూ ఉండేది.

"ఎంతవరకూ వచ్చింది?"

"సగం అయింది."

"పోయిన నెల కూడా సగమే అన్నారు."

"ఇది రెండో సగంలో సగం."

"చెంప మీద దిండు గుర్తు పడింది, తుడుచుకోండి."

దిండు గుర్తు తుడిస్తే పోదని ఆవిడకి తెలుసు. అయినా నేను తుడుచుకునేవాణ్ణి.

మీ దగ్గర దాచేదేముంది. స్క్రూలు బిగించడం బద్ధకం కాదు నాకు. బిగిస్తే బయల్దేరాలి. బయల్దేరితే ఆ ఇంటిని నా కారు వెనక కట్టుకుని రోడ్డు మీదికి పోవాలి. దారంతా ఆవిడే నడపదుగా, ఎక్కడో ఒకచోట స్టీరింగ్ నా చేతికొస్తుంది. ముసలాయన ఇంటి నుంచి వచ్చేరోజు అద్దంలో చూశాను, అది మా వెంట పడి తరుముతున్నట్టే ఉంది. సరస్సు కావాలి నాకు, దారి వద్దు. పడుకుంటే సరస్సు ఎలాగూ వస్తోంది కదా, ఇంక దారెందుకు? ఈ మాట పెళ్ళానికి చెప్పగలమా? ఆవిడ డ్రైవింగ్ టీచరాయె.

ఒక రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ నెమ్మదిగా అంది. ఆవిడ గట్టిగా అంటే భయం లేదు, నెమ్మదిగా అంటేనే నాకు ముద్ద దిగదు.

"మన బండి సంగతి తిరకాసుగా ఉందండీ. లోపల కదలకూడనివి కదుల్తున్నాయి. కదలాల్సిన బండి కదలట్లేదు."

"రెండు వారాలు ఓపిక పట్టు."

"పడతాను. సరిగ్గా రెండు వారాలు. ఆ ఆదివారం పొద్దున మా స్కూలు మైదానంలో నేను దాన్ని ఎనిమిది అంకె ఆకారంలో మూడు చుట్లు తిప్పుతాను. లోపలున్నవి గూళ్ళలోంచి బయటికొచ్చాయా, బండి బావగారికి ఇచ్చేస్తాను. ఆయన ఎప్పటినుంచో అడుగుతున్నారు."

బావగారంటే మా ఆవిడ అక్క మొగుడు, నా తోడల్లుడు. నేను అన్నగారంటాను. చాటుగా అందరం టేపు అన్నగారంటాం. ఆయన నడుముకి ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంది. ఎవరింటికెళ్ళినా ముందు గుమ్మం కొలిచి తరవాత లోపలికి వస్తాడు. ఆయనకి నా ఇల్లుబండి ఎందుకయ్యా అంటే, మంచం పీకేసి కోళ్ళు పెంచుతాడట. నా సరస్సు ఒడ్డున కోళ్ళు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు నిద్ర పట్టకపోవడమంటే అల్లాటప్పా విషయం కాదు.

మర్నాడు సాయంత్రమే పనిలోకి దిగాను. ఈసారి నిజంగానే దిగాను.

ఫ్రిజ్ ముందు అంచుకి చుట్టూ ఒక రేకు పట్టీ ఉంది. ఆ పట్టీలోంచి గూటి చెక్కలోకి ఆరు స్క్రూలు. మొదటిది తిప్పాను. తిరిగింది. ఇంకా తిప్పాను. ఇంకా తిరిగింది. నూట ఇరవై తిప్పుల దాకా లెక్కపెట్టాను. అది తిరుగుతూనే ఉంది తప్ప ఒక్క అంగుళం లోపలికి పోలేదు. మిగిలిన అయిదూ అంతే.

స్క్రూ పొట్టిదైంది కాబోలనుకుని పొడుగువి తెచ్చాను. అవి బ్రహ్మాండంగా దిగాయి. దిగి, అవతల బట్టల బీరువాలో తేలి, అక్కడ తగిలించిన నా ఒక్కగానొక్క కొత్త చొక్కా వీపుని గోడకి కుట్టేశాయి. చొక్కా గట్టిగా నిలిచింది. ఫ్రిజ్ మాత్రం ఎప్పట్లాగే ఊగింది.

వీధి చివర వడ్రంగి మేస్త్రి దగ్గరికెళ్ళి ఇంకా లావు స్క్రూలున్నాయా అనడిగాను. ఆయన చెవి మీంచి పెన్సిలు తీసి, నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"దేనికి సార్?"

"ఫ్రిజ్ బిగించడానికి. పల్చటి ప్లైవుడ్. కన్నాలు పెద్దవైపోయాయి."

"స్క్రూ చెక్కని పట్టుకుంటుంది సార్, గాలిని పట్టుకోదు. వెనక్కాల దళసరి చెక్కముక్క వేసి, దానిలోకి దించాలి. బండి ఊగుతుంది కదా, వట్టి ప్లైవుడ్ ఎన్నాళ్ళు ఆగుతుంది?"

"అంటే ఫ్రిజ్ మొత్తం బయటికి లాగాలా?"

"లాగాలి మరి. కింద ఓ రెండు దిమ్మలు, పక్కన రెండు. గంట పని."

గంట పని అన్న మాట నన్ను పొడిచింది. ఎనిమిది నెలలుగా నేను చేస్తున్నది గంట పనా? 'మాకూ తెలుసులే మేస్త్రీ' అనేసి వచ్చేశాను. ఈ సంగతంతా ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పి, 'వీళ్ళు ఇంతే, చెక్క అమ్ముకోవాలని చూస్తారు' అని కూడా అన్నాను. ఆవిడ 'ఊఁ' అంది. ఆ 'ఊఁ'ని నేను పట్టించుకోలేదు.

తరవాత కన్నాల్లో అగ్గిపుల్లలు కుక్కాను. ఒక పూట ఆగింది. బంక పోశాను. బంక బాగా పట్టింది గానీ స్క్రూడ్రైవర్ని పట్టింది. అది ఓవెన్ పక్కన గోడకి అంటుకుపోయి, ఇప్పుడు మేము దానికి తువ్వాలు తగిలించుకుంటున్నాం. పొయ్యి కింద పాత పుస్తకాలు దోపాను. ఓవెన్ చుట్టూ దిండు చింపి దూది కూరాను. చివరికి ఆ గూట్లో ఓవెన్ కన్నా దూది ఎక్కువైంది.

రెండో వారం నాలుగు రోజులు షాపుకి సెలవు పెట్టాను. ఆవిడ కూడా మధ్యాహ్నం పూట క్లాసులు లేవని ఇంట్లోనే ఉంది. నేను మధ్యాహ్నం లోపలికెళ్ళి, ఓటమి తట్టుకోలేక కాసేపు నడుం వాల్చేవాణ్ణి. దుఃఖంలో నిద్ర ఎంత గాఢంగా పడుతుందో మీకు తెలీదు. కల కూడా మారింది. సరస్సు ఒడ్డున ఎవరో పడవ బాగుచేస్తున్నారు. టక్ టక్ మని సుత్తి, మధ్యలో గుర్రుమని తొలిచే చప్పుడు. నీళ్ళ మీద తేలుతూ వచ్చే ఆ చప్పుడు ఎంతో హాయిగా ఉంది. పడవ మనిషి మొహం కనపడలేదు. ఎవరో పాపం, ఎండలో కష్టపడుతున్నారు, మంచివాళ్ళు, అనుకుని ఇటు తిరిగి పడుకున్నాను.

శనివారం సాయంత్రం వచ్చింది. ఫ్రిజ్‌ని ఒక్కసారి ఊపి చూద్దామని చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. ఊపితే ఊగుతుంది. ఊగుతుందని తెలిసీ ఊపడమెందుకు, కోరి కొరివితో తల గోక్కోవడం కాకపోతే. మసక చీకట్లో దాని ముందే నిలబడి ఆలోచించాను. స్క్రూలు పట్టవు. బంక పట్టదు. మరి పట్టుకునేది ఏముంది? అప్పుడు నా రెండు చేతులూ నాకు కనిపించాయి.

నేనే పట్టుకుంటాను!

కదులుతున్న ఇల్లుబండిలో మనిషి ఉండకూడదని మా ఆవిడ పాఠాల్లో మొదటి పాఠం. కాబట్టి చెప్పి ఎక్కడం కుదరదు. ఆదివారం పొద్దున్నే పొట్ట పట్టుకుని మంచం మీద మూలిగాను.

"నువ్వెళ్ళిరా. నాకు కడుపులో వికారంగా ఉంది."

"అయ్యో, మీ చేతి పని మీరే చూసుకోకపోతే ఎలా?"

"పని మీద నాకు నమ్మకం ఉంది. కడుపు మీదే లేదు."

ఆవిడ కారు తాళాలు వెతుక్కునేలోగా దొడ్డిగుమ్మంలోంచి జారుకుని, ఇల్లుబండి ఎక్కి, బీరువాలో నా చొక్కా పక్కనే నక్కాను. కారు తగిలించిన చప్పుడైంది. మైదానం దాకా రోడ్డు తిన్నగానే ఉంది, గండం లేదు. మైదానంలో ఆగగానే టేపు అన్నగారి గొంతు వినిపించింది.

"ఏమ్మా, తమ్ముడు రాలేదా?"

"ఆయనకి ఒంట్లో బాగాలేదు బావగారూ."

"పాపం. అయితే కానీ. కోళ్ళగూడుకి తలుపు వెడల్పు సరిపోతుందో లేదో నేను ఈలోగా లెక్క వేసుకుంటాను."

ఆ మాటతో నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. బీరువాలోంచి దూకి, వీపు ఫ్రిజ్‌కి ఆనించాను. ఒక కాలు ఎత్తి పొయ్యి గూటికి తన్నిపట్టాను. రెండు చేతులూ తల వెనక్కి చాపి ఓవెన్‌ని అదిమిపట్టాను. ఆ భంగిమ ఏ యోగా గురువూ ఇంతవరకూ కనిపెట్టి ఉండడు. కారు కదిలింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

నాయనా, ఏం చెప్పమంటారు! మొదటి మలుపు కుడికి. పేగులు ఎడమకి పోయాయి. రెండో మలుపు ఎడమకి. పేగులు వెనక్కి రాలేదు. మూడో మలుపుకి ఏది కుడో ఏది ఎడమో మర్చిపోయాను. గాలి హోరు వినిపించింది. మైదానం గిర్రున తిరిగింది. బండి విమానంలా దూసుకుపోతోంది, మా ఆవిడకి పిచ్చిగానీ పట్టిందా, అనుకున్నాను. మూడు చుట్లన్న మనిషి ఆరు తిప్పింది, ఏడు తిప్పింది. కానీ ఫ్రిజ్ కదల్లేదు! ఓవెన్ ఉలకలేదు, పొయ్యి పలకలేదు. ఒంటికాలి మీద, రెండు చేతుల్తో, మూడింటిని ఆపుతున్నాను. ఇంత బలం నాలో ఎక్కడ దాగుందిరా అని నాకే ముచ్చటేసింది. ముచ్చట మధ్యలో, మూసిన కళ్ళ వెనక, సరస్సు ఒక్క క్షణం మెరిసింది. నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. నీకోసం ఇంత కష్టపడుతున్నానే అని దానితో చెప్పుకున్నాను, నిజంగానే కళ్ళ వెంబడి నీళ్ళొచ్చాయి.

బండి ఆగింది. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో మా ఆవిడ, ఆవిడ భుజం మీంచి టేపు అన్నగారు.

"ఏం తమ్ముడూ, ఒంట్లో బాగాలేనివాడివి అలా ఎందుకు నిలబడ్డావ్?"

"గాలి కోసమండీ" అన్నాను, కాలు దించకుండానే.

"కాలు దించండి" అంది మా ఆవిడ.

"దించితే..."

"దించండీ."

ముందు కాలు దించాను. తరవాత ఒక చెయ్యి. తరవాత ఇంకో చెయ్యి. కళ్ళు మూసుకుని వీపు ఎత్తి పక్కకి జరిగాను. మీద ఏదీ పడలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఫ్రిజ్ గూట్లో ఉంది. అన్నగారు దాని అంచు పట్టుకుని లాగాడు. రెండు చేతుల్తో లాగాడు. కాలు గుమ్మానికి తన్నిపెట్టి లాగాడు. మెళ్ళో నరాలు పొంగాయి తప్ప ఫ్రిజ్ పొంగలేదు. టేపు తీసి చుట్టూ సందు కొలిచాడు.

"వెంట్రుకవాసి కూడా జరగలేదు. ఎవరమ్మా బిగించింది?"

నేను వెనక్కి తిరిగి ఫ్రిజ్ కేసి చూశాను.

"ఇంకెవరు బావగారూ, ఈయనే" అంది మా ఆవిడ, చాలా మామూలుగా. "ఎనిమిది నెలలు కష్టపడ్డారు."

అన్నగారు టేపు చుట్టుకుని, కోళ్ళకి ఇంకో ఇల్లు చూసుకుంటానని ఉసూరుమంటూ వెళ్ళిపోయాడు. నేను ఇంకా ఫ్రిజ్ కేసే చూస్తున్నాను. కింద అంచులో దళసరి చెక్క దిమ్మ కనిపించింది, లేత రంగుది, కొత్తది. పక్కన ఇంకోటి. ఓవెన్ కింద రెండు పట్టీలు. నా దూది జాడ లేదు. పొయ్యి కింద పుస్తకాలు లేవు.

"ఏమోయ్... ఇవి?"

"మేస్త్రి చెక్క కోసిచ్చాడు. కన్నాలు ఎలా తొలవాలో చూపించాడు. ఫ్రిజ్ లాగడానికి ఒకరోజు సాయం కూడా వచ్చాడు. గంట పని అన్నాడు గానీ, నాకు కొత్త కదా, నాలుగు మధ్యాహ్నాలు పట్టింది."

"నాలుగు మధ్యాహ్నాలా? నేను లోపలే ఉన్నాగా!"

"ఉన్నారు. గురక పెడుతూ. ఒకసారి మిమ్మల్ని కొంచెం జరగమంటే, 'పడవ అయిపోయిందా బాబూ' అని అటు తిరిగి పడుకున్నారు."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఓవెన్‌లో పెట్టుకుందామనిపించింది.

"మరి పొద్దున నేను ఎక్కింది..."

"ముందు కిటికీ ఉంది కదా, అద్దంలో అంతా కనిపిస్తూనే ఉంది. మొదటి మలుపులోనే చూశాను. దింపేద్దామనుకున్నాను. కానీ అంత కష్టపడి పట్టుకున్నారు, పాపం, పోనీలే అని ఇంకో నాలుగు చుట్లు తిప్పాను."

"ఆ స్పీడుకి మనిషన్నవాడు బతుకుతాడా? చంపేద్దామనుకున్నావా?"

"స్పీడా? మీరున్నారని తెలిశాక నడిచేవాళ్ళకన్నా మెల్లిగా పోనిచ్చాను. బావగారు పక్కనే నడుస్తూ చక్రాలు కొల్చుకున్నారు."

ఇంతవరకూ మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ తరవాత ఆవిడ మెట్టు మీద కూర్చుని అన్న మాటకి మాత్రం నాకు నవ్వు రాలేదు.

"రెండోరోజు దిమ్మకి కన్నం తొలుస్తుంటే, మీరు నిద్రలో 'ఏమోయ్, అటు చూడు' అని పిలిచారు. నన్నే అనుకుని చూశాను. కిటికీలో పక్కింటి గోడ, దాని మీద ఆరేసిన దుప్పటి. మూడోరోజు కూడా పిలిచారు. 'చూశావా, ఎంత బాగుందో' అన్నారు. నాకేం కనపడలేదండీ. ఎనిమిది నెలలుగా కలల్లో ఊళ్ళన్నీ నాకు చూపిస్తూనే ఉన్నారు కాబోలు, నేనేమో దుప్పటి తప్ప ఏదీ చూళ్ళేదు. పని ఆపి, కాసేపు ఊరికే కూర్చుండిపోయాను."

నేనూ వెళ్ళి ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నాను. ఆవిడ నన్ను వెళ్ళనివ్వట్లేదని నేను ఎప్పుడూ అనుకోలేదు గానీ, ఆవిడకి వెళ్ళాలని ఉందేమో అని కూడా ఒక్కసారీ అనుకోలేదు. పక్క పక్కనే పడుకున్నాం ఇన్నేళ్ళూ, సరస్సుకి నేనొక్కణ్ణే పోయి వచ్చాను. సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

"అయితే వెళ్దాం. వచ్చే నెలలో ఒక మంచి ఆదివారం చూసుకుని..."

"ఇవాళ ఆదివారమే."

"సెలవు అడగాలి కదా. షాపులో నేను లేకపోతే..."

"మీ ఓనరుగారికి శుక్రవారమే ఫోన్ చేశాను. వారం రోజులు ఇచ్చారు. రెండు వారాలైనా ఫర్వాలేదన్నారు."

"ఇంటికి తాళం..."

"వేసేశాను. మీ మంచం ఖాళీగా కనిపించగానే."

"బట్టలు?"

"మీ బట్టలు మంచం కింద పెట్టెలో ఉన్నాయి. గోడకి కుట్టిన చొక్కా ఒక్కటే రాలేదు."

నాకు ఇంక సాకులు దొరకలేదు. ఎనిమిది నెలలుగా కూడబెట్టినవన్నీ ఒక్క నిమిషంలో అయిపోయాయి. సరే పద, అని కారు దగ్గరికెళ్ళి నా పక్క సీటు తలుపు తీశాను. ఆ సీట్లో మా ఆవిడ కూర్చుని ఉంది.

"అదేంటి, నువ్విటు కూర్చున్నావ్?"

తాళాలు నా చేతిలో పెట్టింది.

"నేను నడపలేనోయ్" అన్నాను. చివరికి అన్నాను. అన్నాక ఆపుకోలేకపోయాను. "నాకు భయం. మొదటి రోజు నుంచీ భయమే. వెనక అంత పెద్దది పెట్టుకుని మలుపు తిప్పడమంటే నాకు కళ్ళు మూతపడతాయి. స్క్రూలు కావు కారణం. నువ్వు నవ్వుతావని చెప్పలేదు."

ఆవిడ నవ్వలేదు.

"నా దగ్గరికి మొదటిరోజు వచ్చేవాళ్ళందరూ ఈ మాటే అంటారు. మీరు ఎనిమిది నెలలు ఆలస్యంగా అన్నారు. కూర్చోండి. సీటు ముందుకి జరుపుకోండి. అద్దం సరిచేసుకోండి."

"ఎవరైనా హారన్ కొడితే?"

"కొట్టనివ్వండి. వాళ్ళ హారన్, వాళ్ళ చెయ్యి."

కూర్చున్నాను. తాళం తిప్పాను. అద్దంలో ఇల్లుబండి ముందు కిటికీ కనిపించింది. లోపల ఎవరూ లేరు, ఏదీ కదలట్లేదు. మైదానం గేటు దాటడానికి మాకు ఎంతసేపు పట్టిందంటే, ఒక సైకిలు మమ్మల్ని దాటింది, చేతికర్రతో ఒక పెద్దాయన దాటాడు, దాటి వెనక్కి తిరిగి 'ఏమైనా సాయం కావాలా బాబూ' అని అడిగాడు. మా ఆవిడ 'వద్దండీ, బాగానే పోతున్నాం' అంది. ఆ మాట విన్నాక రెండో గేరు వేశాను.

రోడ్డు మొదట్లో ఆపాను. ఎటు పోవాలో నాకు తెలీదు. కలలో ఎప్పుడూ పక్కమీంచి లేచిందే లేదు, దారి ఎలా తెలుస్తుంది?

"ఎటు?" అన్నాను.

"నడిపేవాళ్ళని నేను ఎప్పుడూ అడగను. నాకు ఎటైనా ఇష్టమే."

కుడివైపు రోడ్డు వెడల్పుగా ఉంది, బోర్డుల మీద పెద్ద పెద్ద ఊళ్ళ పేర్లున్నాయి. ఎడమవైపు సన్నంగా, చెట్ల కిందనుంచి ఎక్కడికో పోతోంది. అటు ఏ బోర్డూ లేదు. కుడికి పోవాలంటే ఎదురొచ్చే బళ్ళన్నీ దాటాలి. అంత ధైర్యం నాకు లేదు.

ఎడమకి తిప్పాను. మా ఆవిడ కిటికీ అద్దం దించి, మోచెయ్యి బయటపెట్టి, చెప్పులు విడిచేసి, మా ఇరవై రెండేళ్ళ కాపురంలో మొదటిసారి నేను నడుపుతుండగా కళ్ళు మూసుకుంది.